కార్తీకమాసంలో నాయనమ్మ బడ్జెట్ రేఖ

పాలకొల్లు

చిట్టీ,

రాజమండ్రి హాస్టల్లో బడ్జెట్ రేఖ పాఠం బుర్రకెక్కడం లేదని ఫోన్లో అన్నావు. టెన్షన్ పడకు. పుస్తకం మూసేసి మనింటి ఆదివారం సంచీ గుర్తు తెచ్చుకో.

వారానికి కూరకి 600 రూపాయలనుకో. చేప కిలో 200, కూరగాయలు కిలో 40. అంతా చేపలకే పెడితే 3 కిలోలొస్తాయి, కూరగాయలకే పెడితే 15. అడ్డంగా చేపలు, నిలువుగా కూరగాయలు రాసుకుని ఆ రెండు చివర్లనీ స్కేలుతో కలిపెయ్. ఆ 600తో రెండూ కలిపి ఎంతవరకు కొనగలమో చూపే ఆ గీతే బడ్జెట్ రేఖ.

ఇప్పుడు చేప 300 అయింది. పేపర్లు దిద్దే రోజుల్లో ఎక్కువమంది ఇక్కడే తప్పేవారు. రేఖ మొత్తాన్ని లోపలికి జరిపేసేవారు. వంకాయల ధర మారలేదు కదమ్మా! 15 దగ్గరి చివర మేకు కొట్టినట్టు అక్కడే ఉంటుంది. చేపల చివర మాత్రం 3 నుంచి 2కి వస్తుంది, రేఖ నిటారవుతుంది. ఇదివరకు కిలో చేపకి 5 కిలోల కూరగాయలు వదులుకునేవాళ్ళం, ఇప్పుడు ఏడున్నర. వాలు అంటే అదే. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది కాబట్టి వాలు ముందు మైనస్ గుర్తు ఉంటుంది. అది మరిచిపోతే మార్కు పోతుంది, చూసుకో.

ఆ కదలని చివర కార్తీకమాసంలో మీ నాయనమ్మ ఉంటుంది. నెలంతా నీచు ముట్టదు కాబట్టి చేపల రేటు ఎంత పెరిగినా ఆవిడ సంచీలో ఒక్క కాయా తగ్గదు. మీ బాబాయికి ముక్క లేనిదే ముద్ద దిగదు, దెబ్బంతా వాడికే. ఈ ముక్క జవాబులో రాస్తే దిద్దేవాళ్ళకి నీకు అర్థమైందని తెలుస్తుంది.

రేఖ మొత్తం సమాంతరంగా జరగాలంటే చేతిలో డబ్బు మారాలి, లేదా రెండు ధరలూ ఒకే నిష్పత్తిలో మారాలి. చేప 400, కూరగాయలు 80 అయితే, పాత ధరలకి చేతిలో 300 ఉన్నట్టే లెక్క. డబ్బు కూడా రెట్టింపైతే రేఖ ఉన్నచోటే ఉంటుంది.

కొబ్బరికాయల ఉదాహరణ మాత్రం వద్దు. అంబాజీపేట మావయ్యలా తోట ఉన్నవాళ్ళకి కాయ ధరతోపాటు రాబడీ పెరుగుతుంది, ఆ రేఖ తిరిగే తీరే వేరు. ఎంత కొంటారన్నది కూడా ఈ రేఖని అడగకు. ఎంతవరకు కొనగలరో అంతే చెబుతుంది. మిగతాది ఉదాసీనత వక్రరేఖల పాఠంలో, అంటే ఒకే తృప్తినిచ్చే కలయికల్ని చూపే గీతల పాఠంలో, వస్తుంది.

ఆదివారం బజారు నుంచి రాగానే రేట్లు పంపుతాను. గీసి ఫోటో పెట్టు.

మీ పెదనాన్న