బాస్టన్ వెళ్లే ముందు ఇది చూపించండి

మీ అబ్బాయికి అమెరికా చరిత్ర బుర్రకెక్కడం లేదు, బాస్టన్‌లో ఏం చూపించాలని అడిగారు కదండీ. ముందు ఇంట్లో 2008 నాటి ‘జాన్ ఆడమ్స్’ సిరీస్ మొదటి భాగం పెట్టండి. 1770 మార్చి 5న బాస్టన్‌లో జనంపై కాల్పులు జరిపిన బ్రిటిష్ సైనికుల తరఫున ఆడమ్స్ (అప్పటికి లాయరు, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడు) వాదించిన కేసే అందులో ముఖ్య కథ. ఒంటికి తారు పూసి ఈకలు అంటించే దృశ్యం మాత్రం ఘోరంగా ఉంటుంది, ముందు మీరు చూడండి.

తర్వాత బాస్టన్‌లో ఆ కాల్పులు జరిగిన చోట ఉన్న పాత ప్రభుత్వ భవనం, ఓల్డ్ స్టేట్ హౌస్ దగ్గరికి తీసుకెళ్లండి. కాల్పులకు గుర్తుగా నేలలో గుండ్రంగా రాళ్లు పరిచి ఉంటాయి. అక్కడ నిలబెట్టి చెప్పండి: తెరమీద అందరూ నిర్దోషులే, నిజానికి ఇద్దరు సైనికులు దోషులుగా తేలారు, శిక్షగా వాళ్ల బొటనవేలిపై వాత పెట్టారు. ఇలాంటి తేడాలు పిల్లలు అస్సలు మర్చిపోరు!

వీలుంటే రెడ్ లైన్ మెట్రో రైలెక్కి పక్క ఊరు క్విన్సీలో ఆడమ్స్ పుట్టిన ఇల్లు కూడా చూడండి. లోపలికి సీజన్‌లోనే రానిస్తారు, తేదీలు ముందే చూసుకోండి.