టీకా రోజున బీపీ మాత్ర ఆపాలా?

అమ్మకు రేపు ఫ్లూ టీకా వేయిస్తున్నామని, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు ఆపాలా, జ్వరం రాకుండా ముందే పారాసిటమాల్ వేయాలా అని అడిగారు. ఆపవద్దు, ముందే వేయవద్దు. అసలు నేను చెప్పాలనుకున్నది మా అత్తగారి సంగతి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2021లో అరవై దాటినవారికి కోవిడ్ టీకా మొదలైనప్పుడు ఆవిడను తీసుకెళ్లాను. విశాఖలో గుండె కవాటం మార్చినప్పటి నుంచి ఆవిడకు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర తప్పనిసరి, బీపీ మాత్ర సరేసరి. మా పక్కింటి పెద్దాయనకు అడగకుండా సలహా ఇవ్వకపోతే అన్నం అరగదు. సూదికీ మాత్రకూ పడదని ఆయన అన్నారట. ఈవిడ మాకెవరికీ చెప్పకుండా అన్నీ మానేసింది. టీకా గదిలో నర్సు దీదీ ఒడియాలో "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, అత్తగారు దీదీ కన్నా చక్కని ఒడియాలో "ఏమీ లేవు" అంది. నేను గబగబా సంచిలోంచి మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టాను.

"మానేశాను కదా, మరి లేవనేగా చెప్పాలి" అని నా మీదే విసుక్కుంది!

బీపీ చూస్తే బాగా ఎక్కువగా ఉంది. దీదీ మండిపడింది. సూది గుచ్చినచోట కారే రెండు చుక్కల నెత్తురుకు భయపడి మాత్ర మానేస్తే, కవాటం దగ్గర గడ్డకడితే ఎవరిది బాధ్యత అంది. ఆ రోజు టీకా వేయకుండా గుండె డాక్టరు దగ్గరికి పంపింది. మాత్రలు మళ్లీ మొదలై, రక్తపరీక్ష సరిగ్గా వచ్చాకే వేశారు. సన్నని సూదితో వేసి, దూదితో రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టమన్నారు, రుద్దవద్దన్నారు. కాస్త కమిలింది, అంతే.

ఇక మా బజారులో మందుల దుకాణం అబ్బాయికి టీకా అన్న మాట వినబడితే చాలు, డోలో అట్ట, అంటే పారాసిటమాలే, చేతిలో పెడతాడు. 2009లో చెక్ దేశపు పసిపిల్లల మీద చేసిన పరిశోధనలో, ముందుజాగ్రత్తగా పారాసిటమాల్ ఇచ్చిన పిల్లలకు జ్వరం తక్కువగా వచ్చింది కానీ, టీకా వల్ల ఒంట్లో తయారై రోగాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలూ తగ్గాయి. పసిపిల్లల లెక్క పెద్దలకెలా పనికొస్తుందని మా మరిది వాదిస్తాడు. వాదించనివ్వండి, రాని జ్వరానికి మందేమిటి?

జ్వరం వస్తే అప్పుడు వేయండి, మాత్రకూ మాత్రకూ నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాలే ఉంటుంది, అట్ట వెనక చదవకుండా రెండూ కలిపి మింగించవద్దు. ఒళ్లు నొప్పులకని బ్రూఫెన్ లాంటివి బీపీ ఉన్నవారికి మంచివి కావు, రక్తం పలచబడే మాత్ర వాడేవారికి అసలే కావు. మీ అమ్మగారు స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే మాత్రం నన్ను కాదు, అవి రాసిచ్చిన డాక్టరుకు ఈ రోజే ఫోను చేసి అడగండి.