నవలకి అవుట్‌లైన్ లూజ్‌గా వేసుకుంటే సరిపోతుందా?

సరిపోతుంది, మొదటి నవల అయితే అదే మంచిదంటాను. ప్రతి చాప్టర్‌లో ఏం జరగాలో ముందే రాసేసుకుంటే సగానికొచ్చేసరికి పాత్రలు మనం అనుకున్న దారిలో నడవవు, అప్పుడు ప్లాన్ కోసం వాళ్ళని బలవంతంగా లాక్కెళ్తాం, అది చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అలాగని ఏమీ లేకుండా మొదలుపెడితే కొన్ని చాప్టర్లయ్యాక కథ ఎటు పోవాలో తెలీక ఆగిపోతుంది.

ఒక్క పేజీ చాలు. ఎవరి కథ, వాళ్ళకి ఏం కావాలి, అడ్డేంటి, వెనక్కి తిరగలేని మలుపులు మూడో నాలుగో, ముగింపు సుమారుగా. తండ్రి పోయాక అన్నదమ్ములు పొలం పంచుకునే కథ అనుకోండి. "పెద్దకర్మ రోజు పంపకాల మాట వస్తుంది, తమ్ముడు సంతకం పెట్టనంటాడు" అని రాసుకుంటే చాలు. ఆ మాట ఎత్తింది మేనమామా, పెద్ద కోడలా అన్నది సీన్ రాసేటప్పుడు తేల్చుకోండి, ఎందుకంటే కోడలు ఎత్తితే ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడతారో మొత్తం మారిపోతుంది.

చాప్టర్ అయ్యాక ఏం జరిగింది, ఏ విషయం ఎవరికి తెలిసింది అని రెండు లైన్లు రాసి పెట్టుకోండి, వయసులు తారీఖులు కూడా, దాన్ని బట్టి అవుట్‌లైన్ మార్చుకుంటూ పోవాలి, చాలామంది ఇదే వదిలేస్తారు.

డిటెక్టివ్ నవలకి మాత్రం లూజ్ అవుట్‌లైన్ వద్దు, హంతకుడెవరో, ఏ క్లూ ఎక్కడ పడాలో ముందే పక్కాగా ఉండాలి. వీక్లీకి సీరియల్‌గా ఇచ్చేవాళ్ళు కూడా కాస్త గట్టిగానే వేసుకోవాలి, అచ్చయిపోయిన భాగాన్ని వెనక్కెళ్ళి దిద్దలేరు కదా.