బిగించేకొద్దీ కారుతుందేం?

ప్రశ్న: మేస్త్రీగారికి నమస్కారం. నేను రిటైరైన టీచరును. పాత టెంపో ట్రావెలర్ కొని లోపల రెండు పరుపులు, గ్యాసు పొయ్యి, సింకు, నీళ్ళ ట్యాంకు పెట్టించి కారవాన్‌లాగా చేయించుకున్నాం. బయటి కొళాయి నీళ్ళు నేరుగా లోపలి పైపుల్లోకి వచ్చేట్టు, బండి పక్కన బిగించే ఇన్‌లెట్టు, దానికి తగ్గ తెల్ల హోసు పైపు మావాడు అమెరికా నుంచి తెచ్చిచ్చినాడు. తిరుచానూరులో లాడ్జి వెనక వాషింగ్ మెషిన్ కొళాయికి తగిలిస్తే కొళాయి దగ్గర ఒకటే కారడం. టేపు చుట్టినాం, ఆగలేదు. అక్కడి ప్లంబరు పానా పెట్టి బిగించినాడు, ఇంకా ఎక్కువైంది. ఇది చాలదన్నట్టు, పైపు తీసేసి ట్యాంకు నీళ్ళతో మోటారు వేస్తే ఆ ఇన్‌లెట్టు నోట్లోంచే నీళ్ళు బయటికి చిమ్ముతున్నాయి. మొత్తం పీకించి కొత్తది వేయించుకోమంటారా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పీకించొద్దు అయ్యవారూ. మీరు రాసినవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకదానికి మందు వాషింగ్ మెషిన్ స్పేర్లు అమ్మే అంగట్లో ఉంది, రెండోది బహుశా మీ వంటింట్లోనే ఉంటుంది.

ముందు కొళాయి దగ్గర కారేది. 'అమెరికా నుంచి', 'వాషింగ్ మెషిన్ కొళాయి' అన్న రెండు మాటలు చదవగానే నాకు సంగతి తెలిసిపోయింది. రేణిగుంట రోడ్డులో నా షెడ్డుకు వచ్చే బండ్లలో ఫారిన్ సామాను వేసుకున్నవాటికి చాలావరకు ఇదే గొడవ. మన వాషింగ్ మెషిన్ కొళాయి మూతికి ఉండేది ముప్పావు ఇంచి బీఎస్‌పీ త్రెడ్డు. త్రెడ్డంటే బిగించే మర చుట్లు, బీఎస్‌పీ అంటే ఇంగ్లండు వాళ్ళ కొలత, మన దేశంలో పైపు సామాను దాని మీదే నడుస్తుంది. మీ హోసు మీద కూడా ముప్పావు ఇంచి అనే ఉంటుంది. కానీ అది అమెరికా వాళ్ళు తోటపైపులకు పెట్టుకున్న వేరే త్రెడ్డు. మనదానికి ఇంచికి 14 చుట్లు, వాళ్ళదానికి పదకొండున్నర. లావు మనది 26.4 మిల్లీమీటర్లు, వాళ్ళది 27. పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. చేతికి కూడా అందదు, ఎందుకంటే మొదటి చుట్టు సులువుగానే ఎక్కుతుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది. సరే, ఎక్కింది అనుకుని మనం ఆగిపోతాం. నిజానికి అక్కడ త్రెడ్డు మీద త్రెడ్డు ఎక్కి ఇరుక్కుంది, అంతే. లోపలి వాషరు ఇంకా కొళాయి మూతికి సరిగ్గా ఆననే లేదు. ఆ పైన పానా పెడితే ఏమవుతుంది? ఇత్తడి కొళాయి ముందు ప్లాస్టిక్కు నట్టు ఓడిపోతుంది, దాని త్రెడ్డు అరిగి పొట్టు లేస్తుంది. మీకు కారడం ఎక్కువైంది అందుకే.

నా మాట నమ్మక్కర్లేదు, స్కేలు తీసుకోండి. హోసు రెండో కొనకు మేల్ త్రెడ్డు, అంటే చుట్లు బయటివైపు ఉన్నది, ఉంటుంది కదా, దాని మీద ఐదు చుట్ల దూరం కొలవండి. 11 మిల్లీమీటర్లు వస్తే అమెరికాది. అదే కొలత కొళాయి మూతి మీద వేస్తే 9 వస్తుంది.

టేపు గురించి ఒక మాట. తిరుపతిలో ఏ ప్లంబరు జేబులో చూసినా ఆ తెల్ల టేపు ఉంటుంది, ఎక్కడ నీటిచుక్క కనిపిస్తే అక్కడ చుట్టేస్తారు. హోసు నట్టు జాయింటులో నీళ్ళను ఆపేది త్రెడ్డు కాదు, లోపల పడుకున్న రబ్బరు వాషరు. కుక్కరు మూతకు గాస్కెట్టు ఎట్లాగో ఇదీ అంతే. త్రెడ్డు పని ఆ వాషరును అదిమి పట్టుకోవడం మాత్రమే. దాని మీద టేపు చుడితే త్రెడ్డు లావై, నట్టు ముందే బిగుసుకుని, వాషరుకు అందాల్సిన ఒత్తిడి అందకుండా పోతుంది. టేపు అవసరం పడేది నిప్పలు (రెండు కొనలా త్రెడ్డున్న పైపు ముక్క), ఎల్బో (వంపు ముక్క), ట్యాంకు దగ్గరి జాయింటు లాంటివాటికి, అంటే వాషరు లేకుండా త్రెడ్డే నీళ్ళను ఆపాల్సిన చోట. అక్కడైనా పైపు నోరు మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కులో చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దయిపోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రెండు త్రెడ్లనూ కలిపే ఇత్తడి అడాప్టరు ఆన్‌లైన్లో దొరుకుతుంది, కానీ నేనైతే దానికోసం ఎదురుచూడను. హోసుకు కొళాయి వైపున్న అమెరికా నట్టును కోసి పారేయండి. మన ముప్పావు ఇంచి బీఎస్‌పీ ఇత్తడి నట్టు, దాని వెనక హోసులోకి దూరే గాట్ల తోక, ఒక స్టీలు క్లిప్పు తీసుకోండి. హోసు కొనను వేణ్ణీళ్ళలో కాసేపు ముంచితే మెత్తబడి, తోక చివరి గాటు దాకా ఎక్కుతుంది. క్లిప్పును కొనకు కాకుండా కాస్త లోపలికి వేయండి. ఎండలో పైపు మెత్తబడినప్పుడు జారేది కొనకు వేసిన క్లిప్పే, మే నెల తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పాలా? బండి వైపున్న కొన మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ ఇన్‌లెట్టూ అమెరికాదే, హోసు కొనా అమెరికాదే, వాటికి గొడవ లేదు. ఇన్‌లెట్టు నోట్లో వాషరు ఉందో లేదో మాత్రం చూడండి. పైపు తీసేటప్పుడు వాషరు హోసుకు అంటుకుని వచ్చి కింద మట్టిలో పడిపోవడం తరచూ జరిగేదే.

కొత్త నట్టులో కొత్త వాషరే వేయండి. గోరుతో నొక్కితే దిగాలి, వదిలితే తిరిగి పొంగాలి. గోరు దిగని వాషరు ఎండిపోయినట్టు. ఒకటి చాలకపోతే రెండు వేస్తారు కొందరు, అది వద్దు. రెండింట్లో ఒకటి పక్కకు జారి కొత్త దారి తెరుస్తుంది. దాని బదులు మందం ఉన్నది ఒక్కటి వేయండి.

ఇంత చేసినా చుక్క కారితే కొళాయి మూతి మీద వేలి గోరు పెట్టి గుండ్రంగా తిప్పి చూడండి. చవక కొళాయిలకు పోతపోసినప్పటి గీత ఒకటి మూతి మీద అడ్డంగా మిగిలిపోతుంది, గోరుకు టక్కున తగులుతుంది. వెంట్రుకంత ఎత్తు ఉంటే చాలు, దాని పక్కనుంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. సన్న ఎమరీ కాగితాన్ని చదునైన చెక్క ముక్కకు చుట్టి నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది. లాడ్జి వాళ్ళను అడిగే చేయండి, కొళాయి వాళ్ళది.

చుక్క ఎక్కడ పుడుతుందో పట్టుకోవడంలోనే చాలామంది మోసపోతారు. నీళ్ళు పైపు వెంట జారి వంపు దగ్గర రాలతాయి, మనం వంపును అనుమానిస్తాం. మీరు అయ్యవారు కాబట్టి చాక్‌పీసు ముక్క ఇంట్లో ఉంటుంది. జాయింటు అంతా పాత పంచె గుడ్డతో పొడిగా తుడిచి, చాక్‌పీసు పొడి చల్లి, కొళాయి మెల్లగా తిప్పండి. పొడి మీద తడిగీత ఎక్కడ మొదలైతే అదే చోటు.

అదే పొడి తీసుకుని బండి లోపలికి కూడా వెళ్ళండి, ఇది ముఖ్యం. ఇన్‌లెట్టు వెనక భాగం గోడ లోపల మీ పైపుకు కలిసే చోట ఇంకో తిరకాసు ఉంటుంది. అక్కడ అమెరికా వాళ్ళది సాధారణంగా అర ఇంచి ఎన్‌పీటీ త్రెడ్డు. దానికీ మన అర ఇంచి బీఎస్‌పీకీ ఇంచికి 14 చుట్లే. కానీ త్రెడ్డు పల్లు కోణం వాళ్ళది 60 డిగ్రీలు, మనది 55. చుట్లు సరిపోతాయి కాబట్టి ఒకదాంట్లో ఒకటి బాగానే ఎక్కుతుంది, టేపు దట్టంగా చుడితే కొన్నాళ్ళు ఆగుతుంది కూడా. కానీ పల్లు సరిగ్గా కూర్చోవు కాబట్టి రోడ్డు కుదుపులకు వదులవుతుంది. బయట కారేది కనిపిస్తుంది, నేల తడుస్తుంది, అంతే. ఇక్కడ కారితే ప్లైవుడ్డు తాగుతుంది. గోడ కింది అంచు మీద వేళ్ళు ఆనించి నొక్కండి, ఉబ్బి మెత్తగా తగిలితే ఆ పలక విప్పించాల్సిందే. అక్కడ మాత్రం కోసి అతికించే పని పెట్టుకోకుండా ఎన్‌పీటీ నుంచి బీఎస్‌పీకి మారే ఇత్తడి అడాప్టరే తెప్పించుకోండి.

రెండో జబ్బు, మోటారు వేస్తే ఇన్‌లెట్టు నోట్లోంచి నీళ్ళు రావడం. ఆ ఇన్‌లెట్టు లోపల స్ప్రింగుతో పనిచేసే చిన్న నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది. నీళ్ళను లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. మన బోరు నీళ్ళ సున్నమో, ఇసుక రేణువో దాని రబ్బరు రింగు కింద ఇరుక్కుని ఉంటుంది, అందుకే మూసుకోవడం లేదు. ముందు మోటారు ఆపి, లోపల సింకు కొళాయి తిప్పి పైపుల్లో ఒత్తిడి పోనివ్వండి. ఇది చేయకుండా వాల్వును నొక్కితే లోపలి ముక్క విరిగి బయటికి ఎగరగలదు. ఆ తర్వాత నోట్లో ఉన్న జల్లెడ వాషరు తీసి, మొద్దు కొన ఉన్న పుల్లతో వాల్వును నాలుగైదు సార్లు మెల్లగా అదిమి వదలండి. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి, అందులో తడిపిన గుడ్డను నోట్లో కుక్కి గంట సేపు వదిలేస్తే సున్నం కరుగుతుంది. తర్వాత మంచినీళ్ళతో బాగా కడగండి. అయినా ఆగకపోతే ఇన్‌లెట్టు మార్చక్కర్లేదు, దాని వెనక పైపులో ఒక ఇత్తడి నాన్ రిటర్న్ వాల్వు వేయిస్తే సరిపోతుంది.

మీరు అడగని మాట ఇంకొకటి. లాడ్జి మేడ మీది ట్యాంకు నీళ్ళతో మీ పైపులకు ప్రమాదం ఏమీ లేదు. నీటి ఒత్తిడిని బార్లలో కొలుస్తారు, పది మీటర్ల ఎత్తుకు ఒక బారు మాత్రమే. ప్రెజరు పంపు పెట్టిన లాడ్జీలలో అంతకు మించి ఉంటుంది, అక్కడ కొళాయి దగ్గరే ప్రెజరు తగ్గించే వాల్వు పెట్టి 3 బార్లకు మించకుండా చూసుకోండి. కానీ తోటల్లో, పల్లెల్లో బోరు మోటారు పైపుకు నేరుగా ఎప్పుడూ తగిలించవద్దు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి వైపు వెయ్యి అడుగుల బోర్లు ఉన్నాయి. అంత లోతు నుంచి తోడే మోటారుకు ఎదురుగా మీ సింకు కొళాయి కట్టేసి ఉంటే పదుల బార్లలో ఒత్తిడి పుడుతుంది. మీ హోసు సంగతి సరే, లోపలి జాయింట్లు ఒక్కటీ మిగలదు.

అసలు నన్నడిగితే ఇక్కడ రాత్రంతా కొళాయికి కట్టుకుని పడుకునే పద్ధతే వద్దంటాను. అది అమెరికా వాళ్ళ క్యాంపు స్థలాలకు సరిపోయే ఏర్పాటు, అక్కడ నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ వస్తాయి. మన దగ్గర నీళ్ళు వదిలే వేళలు వేరు, కట్టే వేళలు వేరు. కట్టేసినప్పుడు పైపులో పుట్టే ఖాళీకి మీ బండిలో నీళ్ళు వెనక్కి, వాళ్ళ పైపులోకి పోవచ్చు. వాల్వు చెడిన బండి అయితే తప్పకుండా పోతాయి. పొద్దున్నే ట్యాంకు నింపుకోండి, పైపు చుట్టి లోపల పెట్టండి, మోటారు మీద వాడుకోండి. హాయిగా నిద్రపోతారు.

ప్రశ్న: మా వ్యానులో యాత్రలకు పోయినప్పుడు పచ్చ హోసు పైపుతో ట్యాంకు నింపుతాం. ఆ నీళ్ళు ప్లాస్టిక్కు వాసన వస్తున్నాయి. కాచి తాగితే పరవాలేదా?
— ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: కాస్తే క్రిములు చస్తాయమ్మా, ప్లాస్టిక్కు వాసన పోదు. ఆ పచ్చ పైపు చెట్లకు నీళ్ళు పోయడానికి చేసింది. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే మందులు ఎండలో కాగిన నీళ్ళలోకి దిగుతాయి. తాగే నీటికని ఫుడ్ గ్రేడ్ అని ముద్ర వేసిన పైపు విడిగా అడిగి తీసుకోండి. ఏ పైపైనా మొదట వచ్చే నీళ్ళు కాసేపు బయటికి వదిలాకే ట్యాంకులో పెట్టండి. చుట్టి దాచేటప్పుడు నీళ్ళంతా వంచేసి, రెండు కొనలూ ఒకదానికొకటి తగిలించి బిగించండి. బొద్దింకలు, చీమలు దూరవు. ఆ పైపును మురుగు కడగడానికి మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఎంత దగ్గరివాళ్ళు అడిగినా.

ప్రశ్న: అన్నా, మా బండిలో ఇంటికి వేసినట్టే సీపీవీసీ పైపులు వేయించినాం. మొగిలి ఘాటు దిగి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక జాయింటు తడిసి కనిపిస్తుంది. జిగురు మంచిది కాదా?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: సీపీవీసీకి దాని జిగురు వేరే ఉంటుంది తమ్ముడూ, మామూలు పీవీసీ జిగురు పూసి ఉంటే ముందు అదే తప్పు. డబ్బా మీద చూసుకో. జిగురు సరైనదే అయితే తప్పు పైపుది కూడా కాదు, ఇల్లు కదలదు, బండి కదులుతుంది. సీపీవీసీ గట్టిది, కుదుపుకు వంగదు, ఆ బరువంతా జాయింటు మీద పడుతుంది. మొత్తం మార్చే డబ్బు లేకపోతే ప్రతి రెండడుగులకూ రబ్బరు ముక్క వేసి క్లాంపు కొట్టించు. మోటారుకు అటొక అడుగు, ఇటొక అడుగు స్టీలు అల్లిక ఉన్న మెత్తటి పైపు పెట్టించు. మోటారు వణుకు గట్టి పైపుకు చేరకుండా ఉంటే సగం జాయింట్లు వాటంతటవే నిలబడతాయి. మిగతా సగం ఘాటు దిగాక చాక్‌పీసు పొడి వేసి చూసుకో, పైన అయ్యవారికి చెప్పినట్టే.