తక్కువ బడ్జెట్‌లో ఏ స్కూటర్ కొనాలి? షోరూమ్ సర్వీస్‌ని నమ్ముకోవచ్చా?

మీరు మూడు మోడళ్ల పేర్లు రాసి, మైలేజీ, పికప్, డిక్కీ సైజు పోల్చి ఏది తీసుకోమంటారని అడిగారు. చివర్లో మాత్రం, షోరూమ్ సర్వీస్ బాగుండదని ఎవరో అన్నారు, నిజమేనా అని ఒక ముక్క తగిలించారు. నన్నడిగితే అసలు ప్రశ్న ఆ చివరి ముక్కే. ఆ మూడు బండ్ల మధ్య పెద్ద తేడా ఏం లేదు. మూడూ 110 సీసీ, మూడింట్లోనూ గాలితో చల్లబడే ఒకే సిలిండర్ ఇంజిన్, గేర్ల బదులు బెల్టు మీద నడిచే సీవీటీ, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. ఒకదాని హెడ్‌లైటు కోలగా ఉంటుంది, ఇంకోదాని మీటరు నీలంగా వెలుగుతుంది. వీడియోలు చేసేవాళ్లు బతకాలి కాబట్టి ఆ తేడాల మీదే గంటలు గంటలు మాట్లాడతారు. మైలేజీలో తేడా కూడా బండి కంటే మీ కుడి చేతి మీద, టైర్లలో గాలి మీద ఎక్కువ ఆధారపడుతుంది.

కాబట్టి ఏ బండి అన్నది పక్కన పెట్టండి. దాన్ని రేపు విప్పేది ఎవరు, ఎలా విప్పుతారు అన్నది చూడండి. షోరూమ్ ముందు వైపు ఏసీ, సోఫా, కొన్నవాడి మెడలో దండ, ఫొటో. వెనక షెడ్డు. కొనేముందు ఆ షెడ్డులోకి తొంగి చూసేవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

నా సంగతి చెప్తాను. ఫ్రీ సర్వీసులు అయిపోయి, డబ్బులు కట్టే సర్వీసులు మొదలయ్యాయి. పొద్దున్నే బండి తీసుకెళ్లాను. అడ్వైజర్ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "జనరల్ సర్వీస్ రాసేస్తున్నా సార్, కంప్లైంట్స్ ఏమన్నా ఉన్నాయా?" అన్నాడు. ఆగిన బండి మళ్లీ కదిలేటప్పుడు వణుకుతోంది, యాక్సిలరేటర్ మెల్లగా తిప్పితే ఫుట్‌బోర్డు దాకా జరజరమంటోంది అని చెప్పాను. టాపెట్లు (ఇంజిన్ వాల్వుల దగ్గరుండే సందు) కూడా చూడమన్నాను. "అన్నీ అయిపోతాయి సార్" అన్నాడు. సర్వీస్ సెంటర్లో ఈ మాట వినపడిందంటే ఏదీ అవదని అర్థం. నేను ఇంటికి పోకుండా అక్కడే కూర్చున్నాను. అద్దంలోంచి ర్యాంపు కనిపిస్తూనే ఉంది.

నేను అలా కూర్చోగానే బండి ఇలా ర్యాంపు ఎక్కింది. ఇంజిన్ ఇంకా కాలుతూనే ఉంది. గంట కూడా గడవకముందే కిందికి దించారు, నీళ్లు కొట్టారు, సీటు మీద ఏదో పాలిష్ రుద్దారు (ఈ పాలిష్ సంగతి మళ్లీ చెప్తా), బిల్లు చేతిలో పెట్టారు. అందులో టాపెట్ సెట్టింగ్ చేసినట్టు ఉంది. ఆయిల్ ఫిల్టర్ మార్చినట్టు ఉంది. ఇంజిన్ ఆయిల్ ఒక లీటరు పోసినట్టు ఉంది. ఒళ్లు మండింది.

ఎందుకంటే టాపెట్లు సెట్ చెయ్యాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వాల్వుకీ దాన్ని తొక్కే రాకర్‌కీ మధ్య మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూగా సందు ఉంటుంది. ఫీలర్ గేజ్ అనే పల్చటి రేకు పెట్టి చూస్తారు. ఇంజిన్ వేడిగా ఉంటే లోహం సాగి ఆ సందు మారిపోతుంది, అప్పుడు కొలిచిన కొలతకి అర్థం లేదు. అందుకే మాన్యువల్లో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడమని రాస్తారు. తెలిసిన మెకానిక్ అయితే "రాత్రికి బండి వదిలెయ్యండి, పొద్దున చూస్తా" అంటాడు. టాపెట్లు లూజుగా ఉంటే టకటక చప్పుడు వస్తుంది, మనకి తెలుస్తుంది. బిగుసుకుంటే చప్పుడు రాదు, బండి నున్నగా నడుస్తున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోయి, కొన్నాళ్లకి వాల్వే కాలిపోతుంది. చప్పుడు లేదు కదా అని సంబరపడేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

ఇక ఆ ఆయిల్ ఫిల్టర్. "మార్చారు కదా, పాతది ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

"పాతవి పారేస్తాం సార్."

"పర్లేదు, ఎక్కడ పారేశారో చెప్పండి, నేనే చూసుకుంటా."

లోపలికి వెళ్లాడు. కాసేపటికి వేస్ట్ గుడ్డలో చుట్టి ఒకటి పట్టుకొచ్చాడు. నల్లటి ఆయిల్ ఇంకా కారుతోంది. మడతలు మడతలుగా ఉన్న కాగితం ఫిల్టరు, రెండు వైపులా రబ్బరు, మధ్యలో బొటనవేలు దూరేంత రంధ్రం. ఏదో మోటార్‌సైకిల్‌ది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, "బాబూ, ఇది నా బండిలో ఎక్కడ పడుతుందో ఒక్కసారి పెట్టి చూపించు" అన్నాను. నీళ్లు నమిలాడు. నా బండికి అసలు కాగితం ఫిల్టరే లేదు. ఈ తరగతి స్కూటర్లలో చాలావాటికి ఉండదు. ఆయిల్ దింపే చోట ఒక చిన్న జాలీ ఉంటుంది, దాని వెనక ఒక స్ప్రింగు, అంతే. దాన్ని మార్చరు, కడిగి మళ్లీ పెడతారు.

ఈలోపు సూపర్‌వైజర్ వచ్చాడు. "సిస్టమ్‌లో ప్యాకేజీ అలాగే వస్తుంది సార్, మా చేతిలో లేదు." ఈ సిస్టమ్ అనే పెద్దమనిషి ఎవరో గానీ తప్పులన్నీ ఆయనే చేస్తాడు, ఆయన మాత్రం ఎప్పుడూ బయటికి రాడు. నేను సీటు ఎత్తి మాన్యువల్ తీశాను. అందులో మెయింటెనెన్స్ పట్టిక ఉంటుంది, పైన కిలోమీటర్లు, పక్కన భాగాల పేర్లు, గళ్లలో ఒక్కొక్క అక్షరం: ఐ అంటే చూడాలి, సీ అంటే శుభ్రం చెయ్యాలి, ఆర్ అంటే మార్చాలి. ఆయిల్ జాలీ వరసలో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క ఆర్ కూడా లేదు. సూపర్‌వైజర్ ఆ పేజీ వైపు చూసిన తీరు చూస్తే, ఆయన దాన్ని అదే మొదటిసారి చూడటం అని నా అనుమానం.

బిల్లు మళ్లీ కొట్టించారు. ఆయిల్ ఫిల్టర్ పోయింది. దాని కింద కన్జ్యూమబుల్స్ (గుడ్డ, గ్రీజు లాంటి చిల్లర సామాను) అనే పద్దు మాత్రం ఇందాకటి కంటే లావెక్కింది. దాన్నీ కొట్టేయించాను. ఆయిల్ లీటరు రాశారు కదా, ఈ తరగతి ఇంజిన్లలో చాలావాటికి ఒకసారికి పట్టేది లీటరు కంటే తక్కువే, మిగిలింది డబ్బాతో సహా ఇవ్వమన్నాను. డ్రమ్ములోంచి పోశామన్నారు. మరి డ్రమ్ములోంచి పోసినప్పుడు పోసినంతకే బిల్లు రాయాలిగా! అదీ తగ్గించారు. నా వెనక క్యూలో ఉన్న ఒకాయన ఇదంతా విని తన బిల్లు విప్పి చూసుకోవడం మొదలుపెట్టాడు, సూపర్‌వైజర్ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. డబ్బా వెనక జాసో (ఆయిల్‌కి జపాన్ వాళ్లు పెట్టిన ప్రమాణం) ఎంఏ అనో ఎంబీ అనో ఉంటుంది. మోటార్‌సైకిల్ క్లచ్చి ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, జారిపోకూడదు కాబట్టి దానికి ఎంఏ. స్కూటర్ క్లచ్చి పొడిగా, విడిగా ఉంటుంది, అందుకని రాపిడి ఇంకా తగ్గించే ఎంబీ పోసుకోవచ్చు. స్కూటర్లో ఎంఏ పోస్తే కొంపలేం మునగవు. మోటార్‌సైకిల్లో ఎంబీ పోస్తే మాత్రం క్లచ్చి జారొచ్చు. మాన్యువల్లో ఏది రాస్తే అదే పొయ్యమనండి. సర్వీస్ సెంటర్లో అన్నిటికీ ఒకే డ్రమ్ము ఉంటే అర్థం చేసుకోండి.

ఇంతకీ ఆ వణుకు తగ్గలేదు. అడిగితే "ఈ మోడల్‌కి అంతే సార్, అన్నీ అలాగే ఉంటాయి" అన్నారు. రెండోసారి వెళ్తే బెల్టు మార్చాలన్నారు, పైగా అది అరిగే భాగం కాబట్టి వారంటీ రాదన్నారు. నా బండి మీటరుకి బెల్టు మార్చే దూరం చాలా ఉంది. చాలా మాన్యువళ్లలో అది 20,000 కిలోమీటర్లు దాటాకే ఉంటుంది. బయట ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను, మేమంతా బాబాయ్ అంటాం ఆయన్ని. ఎడమ పక్క కవర్ విప్పి, లోపలున్న క్లచ్చి గిన్నెలో వేలు పెట్టి తిప్పి చూపించాడు. వేలికి సన్నటి నల్లపొడి, కాటుకలా అంటుకుంది. క్లచ్చి షూలు అరిగిన దుమ్ము. అది గిన్నెకీ షూలకీ మధ్య పేరుకుని, పైన నునుపెక్కితే సరిగ్గా పట్టుకోక పట్టీ వదిలీ పట్టీ వదిలీ బండి వణుకుతుంది. ఆయన దుమ్ము తుడిచి, షూల మీద గరుకు కాగితం నాలుగు రుద్దులు రుద్ది, బెల్టు తిరగేసి పగుళ్లేమన్నా ఉన్నాయా అని చూసి మళ్లీ అదే బెల్టు ఎక్కించాడు. పనిలో పనిగా బెల్టుని ముందు వైపు తిప్పే వేరియేటర్లో రోలర్లు కూడా తీసి చూపించాడు, అవి గుండ్రంగా ఉన్నంతకాలం భయం లేదు, ఒక పక్క చదునుగా అరిగితే పికప్ పోతుంది. ఆ తర్వాత వణుకు లేదు. షోరూమ్ షెడ్డులో పది బండ్లు వరసలో ఉంటే ఆ కవర్ విప్పే తీరిక ఎవరికీ ఉండదు, కొత్త భాగం రాసేస్తే బిల్లు కూడా పెరుగుతుంది. కుర్రాళ్లని నేను తప్పుపట్టను, వాళ్ల మీద టార్గెట్లు అలా ఉంటాయి.

పాలిష్ సంగతి చెప్తానన్నాను కదా. సర్వీస్ అయిన ప్రతిసారీ సీటుకీ టైర్లకీ ఏదో నిగనిగలాడే ద్రవం పూస్తారు. కొత్త బండిలా ఉందని మనం మురిసిపోవాలని. బ్రేకు వేస్తే మనం సీటు మీద ముందుకి జారతాం, టైరు అంచులకి పూసింది రోడ్డుకి ఆనే చోటికి పాకితే మలుపులో బండే జారుతుంది. వద్దని జాబ్ కార్డు (చెయ్యాల్సిన పనులు రాసుకునే కాగితం) మీద రాయించండి. అలాగే ఎయిర్ ఫిల్టర్. చాలా స్కూటర్లలో నూనె పట్టించిన కాగితం ఫిల్టరు ఉంటుంది, దుమ్ము దానికి అతుక్కోవాలనే ఆ నూనె. దాన్ని గాలి కొట్టి శుభ్రం చెయ్యకూడదు, సమయం వస్తే మార్చడమే. వీళ్లు గాలి గన్ను పెట్టి టపటపా కొట్టి శుభ్రం చేశామంటారు. అసలు లేని ఆయిల్ ఫిల్టర్‌ని మార్చామంటారు, మార్చాల్సిన ఎయిర్ ఫిల్టర్‌కి గాలి కొడతారు. ఇంత చేసి బండి ఇచ్చేటప్పుడు "సర్వీస్ ఎలా ఉందని కంపెనీ నుంచి కాల్ వస్తే పదికి పది ఇవ్వండి సార్, తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క" అని బతిమాలతారు. ఇలాంటి మార్కులు చూసి ఆ డీలర్ మంచివాడని మీరు అనుకోకండి.

సరే, కొనే సంగతికి వద్దాం. మీకు దగ్గర్లో ఉన్న సర్వీస్ సెంటర్‌కి సాయంత్రం, బండ్లు తిరిగిచ్చే వేళకి వెళ్లి ఊరికే నిలబడండి. ఎవరు గొడవ పడుతున్నారు, దేని గురించి, బండిచ్చేటప్పుడు మెకానిక్ బయటికి వచ్చి మాట్లాడుతున్నాడా లేక అడ్వైజరే అన్నీ చదివేస్తున్నాడా, పాత భాగాలు కవర్లో పెట్టి ఇస్తున్నారా, చూడండి. మీ మూడు మోడళ్లలో ఎవరి షెడ్డులో పాత భాగాలు అడక్కుండానే తిరిగిస్తున్నారో ఆ బండి కొనుక్కోండి. రంగు మీ ఇష్టం.

డబ్బు మొత్తం కట్టకముందే మీకిచ్చే బండినే చూపించమనండి, షోరూమ్‌లో నిలబెట్టిన దాన్ని కాదు. టైరు పక్కన చివర్లో నాలుగంకెలు ఉంటాయి, 3524 అంటే 2024లో 35వ వారం తయారైందని. టైరు ఏడాది పాతదైతే బండి కూడా ఎక్కడో ఎండలో ఏడాది నిలబడి ఉండొచ్చు, బ్యాటరీ నీరసించి ఉండొచ్చు. ఛాసిస్ నంబర్ కాగితాల మీదా బండి మీదా ఒకటేనా అని అక్షరం అక్షరం చూసుకోండి. సీటు కవరు, మ్యాట్లు, చుట్టూ ఇనప గార్డులు కలిపి ప్యాకేజీ తప్పనిసరి అంటే లేచి నిలబడండి, చాలావరకు అప్పుడు తప్పనిసరి కాకుండా పోతుంది. ఆ గార్డుల బరువంతా మొయ్యాల్సింది ఆ బుల్లి ఇంజినే.

ఫ్రీ సర్వీసులు మాత్రం ఒక్కటీ మానకండి. ముఖ్యంగా మొదటిది, కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానికొకటి రాసుకుని వచ్చిన లోహపు పొడి అంతా ఆ ఆయిల్‌తోనే బయటికి పోవాలి. పైగా ఒక్కటి మానినా వారంటీ అడిగినప్పుడు వాళ్ల చేతికి సాకు దొరుకుతుంది. బిల్లులన్నీ దాచండి. వారంటీ అయిపోయాక మీకు నచ్చిన మెకానిక్ దగ్గరికి పొండి, బెల్టు, రోలర్లు లాంటివి మాత్రం కంపెనీ పార్ట్స్ కౌంటర్లో మీరే కొని తీసుకెళ్లి ఇవ్వండి, పాతదాని మీదున్న పార్ట్ నంబర్ ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్తే కౌంటర్లో వెతుక్కునే పని ఉండదు.