తాతగారి చూపు మనవడికెలా వచ్చింది?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. మొన్న మెహదీపట్నం రైతుబజారులో పండుమిరపకాయలు ఏరమంటే పచ్చివీ కలిపేశాడు. డాక్టరుగారు వర్ణాంధత్వం అన్నారు. మా నాన్నగారికీ ఇంతే. నాకూ మావారికీ ఏ లోపమూ లేదు. "మీ పుట్టింటి నుంచే వచ్చింది" అంటున్నారు అత్తగారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, వచ్చిన దారి అదే, కానీ అందులో మీ తప్పు రవ్వంత కూడా లేదు. మనకుండే 23 జతల క్రోమోజోముల్లో ఒక జత ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు, మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టించే జన్యువులు ఆ ఎక్స్ మీదే పక్కపక్కన ఉంటాయి. మీ నాన్నగారికున్నది ఒక్కటే ఎక్స్, లోపమున్నదే మీకిచ్చారు. మీ అమ్మగారిచ్చిన మంచి ఎక్స్ మిమ్మల్ని కాపాడింది. బాబుకి మీవారిచ్చింది వై. ఎక్స్ మీ దగ్గర్నుంచే రావాలి. రెంటిలో ఏది వెళ్లాలన్నది బొమ్మా బొరుసూ, ఎవరి చేతిలోనూ లేదు. ఆడపిల్ల పుట్టి ఉంటే మీవారి మంచి ఎక్స్ అడ్డుకునేది.

నేను జువాలజీ చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు మామిడిపండును వాసన చూసి, వేలితో నొక్కి పండిందో లేదో చెప్పేసేవాడు. అలాంటివాణ్ణి క్లాసందరి ముందు స్లైడు రంగేమిటని అడిగాను. తలొంచుకున్నాడు. ఆ బాధ నాకింకా ఉంది.

అందుకే చుట్టాల ముందు బాబుకి రంగుల పరీక్ష పెట్టకండి. క్లాస్ టీచరుకి చెప్పి ఉంచండి. సిగ్నల్ దగ్గర ఎరుపు పైన, ఆకుపచ్చ కింద అని ఇప్పటినుంచే నేర్పండి.