బేస్‌మెంట్‌లో ఫర్నేసు వెలిగించే ముందు: చిన్నాకు పెద్దమ్మ లేఖ

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

సీడర్ ర్యాపిడ్స్ అవతల మీరు కొన్న పాత పొలం ఇంట్లో, బేస్‌మెంట్‌లో పెల్లెట్లూ (రంపపు పొట్టును అదిమి చేసిన బిళ్లలు) మొక్కజొన్నా మండించే ఫర్నేసు ఒకటి ఉందట. ఈ చలికాలం ఎల్పీ గ్యాసు పక్కన పెట్టి దాంతోనే ఇల్లు వెచ్చబెడతానంటున్నావట. మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. "నువ్వైనా వద్దని చెప్పక్కా" అని ఒకటే గోల. నేను వద్దనను. అయోవాలో అన్ని చలికాలాలు అలాంటి యంత్రంతోనే కాపురం చేసినదాన్ని, ఇప్పుడు ఈ డాలస్ ఎండలో కూర్చుని నీకు వద్దని చెబితే ఎవరైనా నవ్విపోతారు. మన పిల్లల్లో చేతికి మసి అంటించుకునేవాడు ఒక్కడైనా ఉన్నాడని సంతోషించాను కూడా. అంతలోనే పాపకు ఇంకా ఏడాది నిండలేదన్న సంగతి గుర్తొచ్చింది. ఇక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకని ముందు ఒక పని చెయ్యి. ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొను. పడకగదుల దగ్గర ఒకటి, బేస్‌మెంట్‌తో సహా అంతస్తుకు ఒకటి. ఇంట్లో ఇదివరకే ఉందని నాకు చెప్పకు. దాన్ని గోడ మీంచి తీసి వెనక తేదీ చూడు. ఏడు నుంచి పదేళ్లు దాటితే అది ఉన్నా లేనట్టే. మంట సరిగ్గా మండకపోతే పుట్టే ఆ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఈ ఒక్క విషయంలో నాది చాదస్తమే. ఎందుకో కింద రాస్తాను.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఇంటి బీమా కంపెనీకి తెలియజెయ్యి. కౌంటీ అనుమతి కావాలేమో అడుగు. ఫర్నేసు మోడల్ నంబరు చూసి దాని పుస్తకం సంపాదించు. మొక్కజొన్న మండించవచ్చని అందులో ఉంటేనే మండించు. గ్యాసు ఫర్నేసును పీకించకు, అది అక్కరకొస్తుంది. కానీ రెండూ ఒకే పొగగొట్టంలోకి వెళ్తున్నాయేమో చూసి, అలా ఉంటే వెలిగించక ముందే విడదీయించు. పెల్లెట్లు 40 పౌన్ల సంచుల్లో వస్తాయి, టన్నుకు 50 సంచులు. తడి తగలని చోట పేర్చు. నీళ్లు తాకిన పెల్లెట్టు మళ్లీ రంపపు పొట్టే అవుతుంది.

ఖర్చు లెక్క నువ్వు కంప్యూటర్‌లో వేసే ఉంటావు. నా లెక్క నోటి లెక్క. ఒక బుషెల్ మొక్కజొన్న 56 పౌన్లు. యంత్రాల సామర్థ్యంలో తేడా తీసేస్తే అది దాదాపు మూడున్నర గాలన్ల ఎల్పీ గ్యాసు పని చేస్తుంది. 2005లో కత్రినా తుఫాను తర్వాత గ్యాసు ధరలు ఎగబాకినప్పుడు మొక్కజొన్న బుషెల్ రెండు డాలర్ల దగ్గర ఉండేది. మీ పెదనాన్న అప్పుడే ఫర్నేసు కొన్నారు. 2012 కరువుతో బుషెల్ ఏడు డాలర్ల దాకా పోయింది. మేము పెల్లెట్లకు మారాం. 2013 కోతల్లో గింజలు తడిగా వచ్చేసరికి, ఆరబెట్టే యంత్రాలు ఉన్న ఎల్పీ గ్యాసంతా తాగేశాయి. పైగా 2014 జనవరిలో గడ్డకట్టే చలి. గ్యాసు గాలన్ నాలుగు డాలర్లు దాటింది. మొక్కజొన్న ఆరబెట్టడానికి గ్యాసు అయిపోయి, గ్యాసు లేక మనుషులు మళ్లీ మొక్కజొన్న వైపు చూశారు! కాబట్టి ఈ ఏడాది లెక్క వచ్చే ఏడాదికి పనికొస్తుందని నమ్ముకోకు.

గింజ కొనేటప్పుడు తేమ అడుగు. 15 శాతం మించితే తీసుకోకు, 12, 13 ఉంటే శ్రేష్ఠం. రైతు దగ్గర నేరుగా కొంటే మాటతో సరిపెట్టుకోక ఇంట్లో పరీక్ష చేసుకో. మూత ఉన్న గాజు సీసా బాగా ఆరనిచ్చి, అందులో గుప్పెడు గింజలూ, కొంచెం పొడి ఉప్పూ వేసి రెండు నిమిషాలు గట్టిగా కుదుపు. కాసేపు కదపకుండా ఉంచు. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో తేమ ఉన్నట్టు. జారి అడుగున పడితే నిశ్చింతగా కొనుక్కో. తర్వాత జల్లెడ పట్టు. కంకి బెండు ముక్కలూ, ఎర్రటి పొట్టూ, దుమ్మూ పోవాలి, లేకపోతే గింజను తోసే మరలో అవే ఇరుక్కుంటాయి. గులాబీ రంగు పూసిన విత్తనాలు ఎవరైనా ఊరికే ఇస్తామన్నా తేకు. అది పురుగుమందు, దాని పొగ మీ ఇంటి చుట్టూనే తిరుగుతుంది. గింజలు మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాల్లోనే పెట్టు. ఎలుకలు ఎటూ వస్తాయి, కనీసం విందు దొరక్కుండా చూడు.

గింజ అంటే మా అత్తగారు గుర్తొస్తున్నారు. ఆవిడ ఒక చలికాలం మా దగ్గర ఉన్నారు. హాపర్‌లో, అంటే ఫర్నేసుకు గింజ అందించే తొట్టిలో, మొక్కజొన్న పోస్తుంటే చూసి, "తినే గింజను నిప్పుల్లో పోస్తారా, తల్లీ" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇది పశువుల దాణాకూ ఇథనాల్‌కూ వెళ్లే రకం అని మీ పెదనాన్న ఎంత చెప్పినా వినలేదు. మూడో రోజు పొద్దున బయట మైనస్ 15 ఫారెన్‌హీట్. ఆవిడే బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి, "హాపర్ నిండుగా ఉందా?" అని అడిగారు. మీ అమ్మ కూడా అడుగుతుంది, చూడు. కోప్పడకు.

ఇక మంట సంగతి. తెనాలిలో మా అమ్మమ్మ రంపపు పొట్టు పొయ్యి కూరేది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దిట్టంగా కూరి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగేది. ఆ కన్నం నిలిస్తే మంట నిటారుగా లేచేది. కన్నం కూలిందా, వంటిల్లంతా పొగ. నీ ఫర్నేసు కూడా అంతే. దానికొచ్చే జబ్బుల్లో ముప్పాతిక వంతు గాలి అందకపోవడమే. మంట చురుగ్గా, తెలుపు కలిసిన పసుపు రంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నారింజ రంగుకు తిరిగి, బద్ధకంగా ఊగుతూ, కొసన మసి కక్కుతూ, అద్దం నల్లబడుతుంటే గాలి తగ్గినట్టు. అప్పుడు ఆర్పి చల్లారనిచ్చి, మంట గిన్నె కన్నాలు పుల్లతో పొడిచి చూడు. తర్వాత వేడి తీసుకునే గొట్టాల మీది బూడిద, పొగను బయటికి లాగే ఫ్యాను రెక్కలు, చివరగా పొగగొట్టం మోచేతులు, అంటే అది వంగే చోట్లు. తలుపు సందుల్లో గాలి దూరకుండా అంచున ఉండే గాస్కెట్‌ను డాలర్ నోటుతో పరీక్షించు. నోటు మీద తలుపు వేసి లాగు. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాస్కెట్ అయిపోయింది, కొత్తది వెయ్యి.

మొక్కజొన్నతో రోజూ ఒక చాకిరీ తప్పదు. దాని బూడిద కరిగి గిన్నెలో రాయిలా గట్టిపడుతుంది. క్లింకర్ అంటారు, అది చిట్టెమే. రోజుకొకసారైనా తీసేయాలి, లేకపోతే కన్నాలన్నీ మూసేస్తుంది. సగం పెల్లెట్లు కలిపితే కొంత నయం. వెలిగించేటప్పుడు ముందు గుప్పెడు పెల్లెట్లు వేసి, అవి అంటుకున్నాక మొక్కజొన్న పెట్టు, గింజ ఒక్కటే అయితే మొరాయిస్తుంది. దాని పొగ ఉక్కును తినేస్తుంది కూడా. పెల్లెట్లకు వేసే మామూలు పొగగొట్టం తొందరగా చిల్లులు పడుతుంది. నీది ఏ రకమో ఒకసారి చూపించు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మీ పెదనాన్న ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవారు. తీగ అంటే ఆయనకు భయం లేదు, అదే వచ్చిన చిక్కు. ఒక జనవరిలో ఫర్నేసు ఊరికే ఆగిపోవడం మొదలైంది. ఫ్యాను తిరుగుతుంది, గింజ తోసే మర తిరగదు, మంట ఆరిపోతుంది. మళ్లీ వెలిగిస్తే అరగంట నడిచి మళ్లీ అదే తంతు. ఆయన మీటరు పట్టుకుని కూర్చుని వ్యాక్యూమ్ స్విచ్ దగ్గర ఆగారు. అది అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ల. దానికి రెండు తీగలు, సన్నటి రబ్బరు గొట్టం ఒకటి. పొగ సరిగ్గా బయటికి లాగబడుతోందా లేదా అని ఆ గొట్టం ద్వారా చూస్తుంది. లాగకపోతే మరను ఆపేస్తుంది. స్విచ్ పాడైందని ఆయన తేల్చేశారు. కొత్తది వచ్చేదాకా అని చెప్పి, ఆ రెండు తీగలూ పీకి ఒకదానికొకటి కలిపేశారు. ఫర్నేసు బ్రహ్మాండంగా నడిచింది. "చూశావా, ఇరవై డాలర్ల బిళ్ల మనల్ని ఆడిస్తోంది" అని నవ్వారు. కొత్త బిళ్ల తెప్పించే సంగతి ఇద్దరం మరిచిపోయాం.

స్విచ్ పాడవలేదు, నాన్నా. అది నిజమే చెబుతోంది. పొగగొట్టం మోచేతిలో పిండిలాంటి బూడిద పేరుకుని దారి మూసుకుపోతోంది. అదే బూడిద ఆ సన్నటి గొట్టం మూతిని కూడా పూడ్చింది. నోరు మూసేశాక ఇక చెప్పేవాళ్లెవరు? మర తిరుగుతూనే ఉంది, గింజ పడుతూనే ఉంది, పొగకు దారి లేదు. గిన్నె పొంగి, నిప్పు వెనక్కి మర గొట్టంలోకి పాకింది. హాపర్ మూత సందుల్లోంచి పొగ. తెల్లవారుజామున అలారం మోగింది. పిల్లలిద్దరినీ దుప్పట్లతో సహా ఎత్తుకుని మంచులోకి పరుగెత్తాం. పెద్దదానికి ఒక కాలికే మేజోడు ఉంది. ఆ రెండో పాదాన్ని నా స్వెట్టర్ లోపల పెట్టుకుని, కారులో కూర్చుని ఫైరింజను కోసం చూశాను. వాళ్లు వచ్చి, మీటరు పెట్టి కొలిచి, కిటికీలన్నీ తీసి, "అలారం లేకపోతే మీరు లేచేవాళ్లు కాదు" అని మామూలుగా చెప్పి వెళ్లారు. మీ పెదనాన్న ఆ తర్వాత చాలా రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నేనూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. మర్నాడే పుస్తకం తీసి, ఆ యంత్రం నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను.

నీది అచ్చం ఆయన బుద్ధి. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో విప్పి, మళ్లీ బిగించాక రెండు స్క్రూలు మిగిలాయని గర్వంగా చూపించావు. అందుకే చెబుతున్నాను, గట్టిగానే చెబుతున్నాను. రక్షణ కోసం పెట్టిన ఏ స్విచ్‌నూ ఒక్క పూటకైనా తీగ వేసి దాటవెయ్యకు. అది ఆపితే, ఎందుకు ఆపిందో వెతుకు. ముందు తలుపూ హాపర్ మూతా సరిగ్గా పడ్డాయా చూడు. తర్వాత ఆ రబ్బరు గొట్టం. స్విచ్ నుంచి పూర్తిగా విడదీశాకే ఊది శుభ్రం చెయ్యి, తగిలించి ఉండగా ఊదితే లోపలి పొర చిరుగుతుంది. ఆ తర్వాత మోచేతులు. అన్నీ బాగుంటేనే స్విచ్‌ను అనుమానించు. నీకు కోపంగా, చలిగా, నిద్రమత్తుగా ఉంటే గ్యాసు ఫర్నేసు వేసుకుని పడుకో. రిపేరు పొద్దున్నే చేసుకోవచ్చు.

కరెంటు పోయినా ఇలాంటి ప్రమాదమే, పొగ లాగే ఫ్యాను ఆగిపోతుంది కదా. అక్కడ మంచు వాన పడితే తీగలు తెగడం మామూలే. ఉన్న మంట ఆరేదాకా ఫ్యానును తిప్పగలిగే చిన్న బ్యాటరీ ఇన్వర్టరు పెట్టించు. జనరేటరు కొంటే ఇంటికి 20 అడుగుల దూరంలో, బయట. గ్యారేజీలో పెట్టి తలుపు తెరుస్తానంటే ఒప్పుకోను.

బూడిద ఇనుప బకెట్‌లోకి, గట్టి మూత పెట్టి, ఇంటికి దూరంగా నేల మీద. అట్టపెట్టెలోకి వద్దు, చల్లగా ఉన్నట్టే ఉండి రోజుల తరబడి లోపల నిప్పు దాచుకుంటుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌తో అసలు తీయకు.

ఎండలు రాగానే హాపర్, మర ఖాళీ చేసి, బూడిద ఒక్క చెంచా మిగలకుండా తుడిచెయ్యి. మొక్కజొన్న బూడిద వేసవి తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. పొగగొట్టం చివర పిట్టలు గూడు పెట్టకుండా చూసుకో, మళ్లీ వెలిగించే ముందు తీసి చూడడం మరిచిపోకు.

డిసెంబరులో వస్తున్నాను, టికెట్టు కొన్నాను. గోంగూర పచ్చడి, కోడలికి చీర తెస్తాను. వచ్చిన రోజే ఫర్నేసు ఆర్పించి ఆ మోచేతులు నేనే విప్పి, లోపల వేలు పెట్టి చూస్తాను. అప్పుడు మొహం మాడ్చుకోకు.

ఉంటాను,
పెద్దమ్మ